కొమ్ముకోనెం ఏకత్వ ఉత్తర్వు

ఒక ప్రాణికి ఒక పేరు, ఒక పేరుకు ఒక ప్రాణి. నాగరికత అంటే ఇంతే. నిప్పు, చక్రం, ఆవకాయ వగైరాలన్నీ ఆ తర్వాత వచ్చిన చిల్లర సౌకర్యాలు. సృష్టికర్త ఈ సూత్రాన్ని అమలు చేయకుండానే పని ముగించేశాడు. (ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆరు రోజుల గడువులో టెండరు పిలవడానికే వ్యవధి చాలదు.) ఆ లోపాన్ని సరిదిద్దే మహద్భాగ్యం బేగంపేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయని వైపున ఉండే రాష్ట్ర అవశేష నియామకాల మండలికి దక్కింది.

మండలి గురించి నాలుగు మాటలు చెప్పాలి. పేరున్న ఉద్యోగాలకు పేరున్న సంస్థలు పరీక్షలు పెడతాయి. ఎవరికీ గుర్తులేని ఉద్యోగాలకు ఈ మండలి పెడుతుంది. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉన్న రోజులవి. సముద్రం అటుండేది, సముద్రం తాలూకు ఫైళ్లు ఇటుండేవి. తీరంలో అల లేస్తే దాని మీద నివేదిక రాజధానికి వచ్చేది, అలను యథాస్థానంలో పడుకోబెట్టవలసిందిగా ఇక్కడి నుంచి జవాబు వెళ్లేది. కాబట్టి తీరప్రాంత సంక్షేమ కార్యాలయం అదే భవనం రెండో అంతస్తులో ఉండటంలో వింతేమీ లేదు. దాని కిటికీలోంచి చూస్తే పాత విమానాశ్రయం గోడ కనిపించేది. ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి, సముద్రాన్ని కంటితో చూసి ఎరుగని మా చిలకలగూడ దేవకృప పరీక్ష రాయడంలోనూ వింత లేదు.

దేవకృప మా ఎదురింటి జకర్యాగారి అమ్మాయి. ఒక ప్రైవేటు బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. పిల్లలకు ఆమె అంటే ప్రాణం, యాజమాన్యానికి ఆమె అంటే ఎప్పుడైనా తీసేయగల టీచరు. ప్రభుత్వోద్యోగం కోసం ఆమె రాయని పరీక్ష లేదు. వచ్చే నోటిఫికేషన్ నాటికి వయోపరిమితి దాటిపోతుంది, అంటే ఇదే ఆఖరుది. కింద చేపల ప్రస్తావన చాలా వస్తుంది, నవ్వు కూడా రావచ్చు. పాఠకులు ఎంత నవ్వినా ఈ ఒక్క ముక్క మరిచిపోకూడదని మనవి.

ఫలితాలు వచ్చిన రోజు నెట్ సెంటర్‌ నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి జాబితాలో 'జె. దేవకృప' ఉందన్నారు. జకర్యాగారు మెట్ల మీదే కూలబడి దేవునికి స్తోత్రం చెప్పారు. ఆయన భార్య జ్ఞానమణిగారు క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు ఎండాకాలంలో చేసి వీధంతా పంచారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి రెండు ప్లేట్లు తిన్నారు. నేనూ తిన్నాను. తిన్నవాణ్ని ఊరుకోవచ్చు కదా, హాల్ టికెట్ నంబరు కూడా చూద్దామన్నాను. నంబరు కలవలేదు. జాబితాలో ఉన్నది జ్ఞానప్రకాశంగారి అమ్మాయి, రెజిమెంటల్ బజార్ జె. దేవకృప. మా జకర్యాగారి అమ్మాయి ఒక్క మార్కు తక్కువై బయట ఉండిపోయింది.

మర్నాడు సంగతేమిటో కనుక్కుందామని మండలికి వెళ్లాం. అభ్యంతరాల విభాగం సూపరింటెండెంటు సుబ్బరాజుగారు. మాది భీమునిపట్నం, ఆయనది నరసాపురం వైపు. తీరం ఒకటే కదా అని ఆశపడ్డాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి మమ్మల్ని జాలిగా చూశారు.

"పేరొకటైనంత మాత్రాన మనిషొకటైపోద్దా అమ్మా? రేపు ఇంకో సుబ్బరాజొచ్చి నా సీట్లో కూచుంటానంటే ఊరుకుంటామా, ఆయ్? వ్యక్తి వేరండి, పేరు వేరు. మండలికి ఇది చాలా మూలమైన సూత్రం."

మాట బంగారంలా ఉంది. నేను తలూపాను కూడా.

సర్టిఫికెట్లు చూపించుకోవడానికి వచ్చిన ఆ రెండో దేవకృప అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. చిన్నపిల్ల. మా అమ్మాయి పేరు వినగానే లేచి నిలబడింది.

"అక్కా, మీకు రావాల్సింది నాకొచ్చిందేమోనని రాత్రంతా నిద్రపట్టలే."

"ఏం కాదులే. మంచిగ చదివినవు, వచ్చింది," అంది మా దేవకృప. "ఇద్దరికీ వస్తే పక్కపక్క సీట్లల్ల కూసుందాం. పిలిస్తే ఇద్దరం పలుకుదం."

ఇద్దరూ నవ్వుకున్నారు. కింద ఇరానీ హోటల్లో చిన్న దేవకృప మాకు టీ ఇప్పించింది. ఈ సంగతి కూడా పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. గుర్తుపెట్టుకోమని ఇంతకన్నా అడగను.

ఇక ఆ పోయిన మార్కు కథ. మండలి వారి ప్రశ్న ఇది: మన తీరంలో మత్స్యకారులు 'కొమ్ముకోణం' అని పిలుచు సముద్రజీవి ఏది? ఒకటి, కత్తిచేప. రెండు, తెరచాప చేప. మూడు, మార్లిన్. నాలుగు, పైవన్నీ. మా అమ్మాయి నాలుగు పెట్టింది. మండలి కీలో జవాబు రెండు.

"అంకుల్, మీరు చెప్పిందే పెట్టిన. తప్పంటున్నరు," అంది దేవకృప.

నాకు ఒళ్లు మండింది. నేను చెప్పిందంటే మా ఊరు చెప్పినట్టు. భీమిలి ఒడ్డున ముక్కు ముందుకు బల్లెంలా పొడుచుకొచ్చిన భారీ చేప ఏది పడినా కొమ్ముకోనెమే. వీపు మీద తెరచాపంత రెక్క ఉన్నా కొమ్ముకోనెమే, లేకపోయినా కొమ్ముకోనెమే. బల్లెం పొడుగైనా అదే, పొట్టయినా అదే. ఇంగ్లీషువాళ్లు కూర్చుని ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారంటే వాళ్లకి వేరే పని లేక. మావాళ్లకి పులుసు కాచే పని ఉంది. ఒక పేరు, మూడు పెద్ద చేపలు, ఎవరికీ తగాదా లేదు. ఆ చేపలు కూడా ఇన్ని తరాలుగా పేరు మార్పుకోసం దరఖాస్తు పెట్టుకోలేదు.

అభ్యంతరం పెట్టాం. పెట్టాక నెల్లాళ్లు నిశ్శబ్దం. తర్వాత నిపుణుడి అభిప్రాయం వచ్చిందని కబురొస్తే వెళ్లాం. అభిప్రాయం ఇలా ఉంది: 'కొమ్ముల నడుమ ఏర్పడు కోణము పశువు వయసును బట్టి మారుచుండును. ఒంగోలు ఎద్దు విషయములో సుమారు అరవై డిగ్రీలుగా తీసుకొనవచ్చును. ప్రశ్న సిలబస్ పరిధిలోనిదే.'

నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. సంగతి అర్థమైంది. ప్రశ్నపత్రంలో 'కోనెం' అచ్చుతప్పై 'కోణం' అయింది. కోణం అని ఉంది కాబట్టి ఫైలు గణితం నిపుణుడికి వెళ్లింది. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇచ్చిన లెక్క చేశాడు.

"గాయిన గంతే బిడ్డా," అంది అటెండరు ఎల్లమ్మ, స్టూలు మీద కూర్చుని. "మొన్న కరెంటు బిల్లు పొరపాటున గాయినకు పోయింది. దానికి సుత వర్గమూలం దీసి పంపిండు."

ఎల్లమ్మకి దేవకృప అంటే మొదటిరోజు నుంచీ ఇష్టం. మా అమ్మాయి లోపలికి రాగానే ఫ్యాను కింద కుర్చీ చూపించేది. ఆ ఆఫీసులో అర్జీదారుకు కుర్చీ చూపించడం చిన్న విషయం కాదు.

సుబ్బరాజుగారి దగ్గరికి వెళ్లి నేను గట్టిగానే అడిగాను. "మీరు నరసాపురం మనిషి. మీకు కొమ్ముకోనెం తెలీదా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వ్యక్తిగతంగా తెలుసండి. మొన్నాదివారం మా ఇంట్లో అదే పులుసు. పైవన్నీ అన్నదే రైటు, ఆయ్. కానీ ఆఫీసుగా నాకు తెలీదండి."

"ఆఫీసుగా ఎప్పుడు తెలుస్తుంది?"

"కాయితం రావాలండి."

ఏ కాగితం రావాలో తేల్చడానికి మరికొన్నాళ్లు పట్టింది. మన దేశంలో ఒక మనిషికి రెండు పేర్లుంటే తిప్పలు లేవు. రేషన్ కార్డులో ఒక రకంగా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకో రకంగా ఉంటే, ఇద్దరూ ఒకే వ్యక్తి అని తహశీల్దారు ఒక కాగితం ఇస్తాడు. ఒక పేరుతో ముగ్గురుంటే ఏం చేయాలి? వాళ్లు వేర్వేరు వ్యక్తులని ఎవరివ్వాలి? ఇంతకుముందు ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఫారం లేదు. ఫారం లేదు కాబట్టి మండలి ఒక ఫారం తయారుచేసింది. దాని పేరు 'వేర్వేరు ధ్రువీకరణ'. మేం దానికి తొలి లబ్ధిదారులమని సుబ్బరాజుగారు మమ్మల్ని అభినందించారు.

ఫారంలో ప్రాణి పేరు అడిగారు, కొమ్ముకోనెం అని రాశాం. తండ్రి పేరు అడిగారు. జకర్యాగారు, నేను, దేవకృప ముగ్గురం వరండాలో కూర్చుని చాలాసేపు ఆలోచించాం. న్యాయంగా తండ్రి కూడా కొమ్ముకోనెమే అవుతాడు కదా అని అదే రాశాం. శాశ్వత చిరునామా దగ్గర బంగాళాఖాతం అనీ, తాత్కాలిక చిరునామా దగ్గర బంగాళాఖాతంలోనే ఇంకో చోట అనీ రాశాం. గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు చూపమన్నారు. తెరచాప చేపకు రెక్క నిండా మచ్చలే, ఏ రెండు రాయాలో తెలియక లాటరీ తీశాం. ఇలా మూడు చేపలకూ మూడు ఫారాలు నింపి ఇచ్చాం.

అవి వారం తిరక్కుండా వెనక్కి వచ్చాయి. పైన ఎర్ర సిరాతో ప్రశ్న: 'ముగ్గురి తండ్రి పేరూ ఒకటే. అన్నదమ్ములా? అయినచో ఉమ్మడి కుటుంబమా, వేరుపడినారా? వేరుపడి ఉంటే పంపకాల దస్తావేజు జతచేయవలెను.'

"అన్నదమ్ములు కాదు సర్, వేరే వేరే జాతులు," అంది దేవకృప, ఏడవాలో నవ్వాలో తెలియక.

"కులాంతరమా?" అన్నారు సుబ్బరాజుగారు, కలం పట్టుకుని. "అది వేరే కాలమ్ అండి."

పాస్‌పోర్ట్ సైజు ఫొటోల దగ్గర ఇంకో పేచీ. రెజిమెంటల్ బజార్లో బ్రహ్మచారిగారి స్టూడియో ఉంది. ఆయన పుస్తకంలోని బొమ్మలు తీసుకుని కంప్యూటర్లో ఎంత తంటాలు పడినా, చేప మొహం పడితే ముక్కు బయటికి పోతోంది, ముక్కు పడితే చేప బయటికి పోతోంది. ఆఖరికి ముక్కు మడిచి సర్దాడు. కళాకారుడు కదా, వెనకాల నీలం తెర కూడా పెట్టాడు. మండలి ఆ ఫొటోలను తిరస్కరించింది. ముక్కు గురించి వాళ్లేమీ అనలేదు. రెండు చెవులూ స్పష్టంగా కనిపించడం లేదన్నారు.

ఈ రోజుల్లో జకర్యాగారు ప్రతి సాయంత్రం గేటు దగ్గర నిలబడి అడిగేవారు. "రావుగారూ, చేప తేలిందా?"

"ఇంకా మునిగే ఉందండీ," అనేవాణ్ని. ఆయన సరేనని లోపలికి వెళ్లేవారు. ఆయన నడకలో ఓపిక తగ్గిపోవడం నాకు తెలుస్తూనే ఉండేది. కూతురి వయసు ఆగదు, ఫైలు కదలదు. ఈ రెండిటి మధ్యా ఆయన నలిగిపోయారు.

జ్ఞానమణిగారు తన వంతు ప్రయత్నం తాను చేశారు. స్త్రీల కూడికలో లేచి, "కొమ్ముకోనెం విషయమై అందరూ భారంతో ప్రార్థించండి," అని కోరారు. అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. కూడిక అయ్యాక ఒక పెద్దావిడ జ్ఞానమణిగారి చెయ్యి పట్టుకుని అడిగింది. "పాపం, ఆయన్ని ఏ హాస్పిటల్లో ఉంచారమ్మా? పళ్లు పట్టుకెళ్తా."

తర్వాత మండలి క్షేత్రస్థాయి విచారణకు ఆదేశించింది. కార్యాలయానికి సమీపంలోని సాగరంలో సదరు ప్రాణి నివసిస్తున్నదీ లేనిదీ చూసి రావాలి. నిబంధనలో సాగరం అని ఉంది. బేగంపేటకు సమీపంలో రికార్డు ప్రకారం సాగరం ఒక్కటే, హుస్సేన్ సాగర్. (ఇక్కడ కూడా ఒకే పేరు రెండు పెద్దవాటికి ఉందన్న సంగతి విచారణ సంఘం దృష్టికి రాలేదు. వచ్చి ఉంటే ప్రయాణ భత్యం పెరిగేది.) ముగ్గురు సభ్యుల సంఘం కుటుంబ సమేతంగా బోటెక్కింది. వాళ్ల నివేదిక నేను చూశాను. 'సదరు సాగరమందు క్షుణ్ణముగా విచారించగా కొమ్ముకోనెం అనువారు ఎవరునూ నివసించుట లేదు. మధ్యలో ఒక పెద్దమనిషి విగ్రహరూపమున నిలబడి ఉన్నారు. వారిని ప్రశ్నించగా మౌనము వహించినారు. ఒడ్డున మిర్చి బజ్జీ బాగున్నది.'

"మీరు సుత పోవాల్సింది సారూ," అంది ఎల్లమ్మ నాతో. "బోటు ఖాళీ ఉండెనంట."

ఇక్కడితో ఆగితే బాగుండును. కానీ ఫైలు అన్నాక ఊరికే ఉండదు, తిరిగే కొద్దీ లావవుతుంది. ఎవరో తెలివైన అధికారి దాని మీద ఒక ప్రశ్న రాశాడు. కొమ్ముకోనెం పేరు ముగ్గురికి ఉంటే, మిగతా సముద్రం సంగతేమిటి? అంతే, తుట్టె కదిలింది. తిమింగలం అంటే పిల్లకు పాలిచ్చేదొకటి ఉంది. దాన్ని చేప అనకూడదట. అంతే లావున్న సొర ఒకటుంది, దాన్నీ ఒడ్డున జనం తిమింగలమనే అంటారు, దాన్ని చేప అనకపోతే తప్పట. కిల్లర్ తిమింగలం అని ఇంకొకరున్నారు. ఆయన అసలు డాల్ఫిన్ల తాలూకు మనిషి, ఇంటిపేరు మాత్రం వీళ్లది వాడుకుంటున్నాడు. డాల్ఫిన్‌ని సముద్రపు పంది అంటారు. దానికి దూరపు చుట్టం పార్పాయిస్‌నీ సముద్రపు పందే అంటారు. సముద్రపు ఆవు ఉంది, ఆవు కాదు. సముద్రపు ఏనుగు ఉంది, ఏనుగు కాదు.

ఫైలు శాఖలన్నిటికీ వెళ్లింది. పశువుల శాఖ వాళ్లు సముద్రపు ఆవును సంతోషంగా స్వీకరించి పూటకి ఎన్ని లీటర్లిస్తుందో తెలపమన్నారు. పందుల పట్టివేత విభాగం వాళ్లు డాల్ఫిన్లు తమ వార్డు పరిధిలోకి రావని రాశారు. సముద్రపు ఏనుగును దేవాదాయ శాఖకు పంపారు, అక్కడ దాన్ని ఊరేగింపుకు పిలిచే ముందు నిలబడగలదా అని అడిగారు. ఫైలు ఎంత లావైందంటే దాన్ని మోయడానికి ఎల్లమ్మ ఒక్కతే చాలక ఇంకో అటెండరు పోస్టు కావాలని మండలి ప్రభుత్వానికి రాసింది. ఆ పోస్టుకూ పరీక్ష పెడతారట.

"మీకు పుణ్యముంటది సర్, నా ఒక్క మార్కు సంగతి చూడండి," అంది దేవకృప ఒకరోజు సుబ్బరాజుగారితో. "నాకు ఆవులొద్దు, ఏనుగులొద్దు. మళ్లొక్క పరీక్ష రాసే వయసు కూడా లేదు నాకు."

సుబ్బరాజుగారు చెడ్డవారు కాదు. ఆ సాయంత్రం ఆ ఫైలును తన చేతులతో మోసుకుని వెళ్లి ఛైర్మన్ రామ్మోహనరావుగారి బల్ల మీద పెట్టారు. పెద్దాయన ఫైలు ఎత్తు చూసి, చదివితే తన పదవీకాలం సరిపోదని గ్రహించి, చదవకుండానే న్యాయం చేశారు. మండలి చరిత్రలో అది ఏకత్వ ఉత్తర్వుగా ప్రసిద్ధికెక్కింది. అందులో ఉన్నది ఒకటే వాక్యం. 'ఇకమీదట ఒకే పేరు గల ప్రాణులన్నియు ఒకే ప్రాణిగా పరిగణింపబడును.'

ఎంత తేలిక. సముద్రం మొత్తం ఒక్క సంతకంతో సర్దుకుంది. కత్తిచేప, తెరచాప చేప, మార్లిన్ మూడూ ఒక్కటే కొమ్ముకోనెం అయిపోయాయి, కాబట్టి 'పైవన్నీ' అన్న మా అమ్మాయి జవాబు సరైనది. రెండో జవాబు పెట్టినవాళ్లు కూడా కొంత నిజమే గ్రహించారు గానీ, వాళ్లు సదరు ప్రాణిలో మూడో వంతును మాత్రమే గుర్తించారని మండలి తేల్చింది. దేవకృపకు మార్కు కలిసింది. కొత్త జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఈసారి హాల్ టికెట్ నంబరు నేను అద్దాలు తుడుచుకుని చూశాను, అద్దాలు తీసి చూశాను, జకర్యాగారి అద్దాలు పెట్టుకుని కూడా చూశాను. ఆమెదే.

ఆ రోజు మా వీధిని చూడాలి. జ్ఞానమణిగారు మళ్లీ గులాబీ పువ్వులు వేయించారు. ఆసుపత్రికి పళ్లు పట్టుకెళ్తానన్న పెద్దావిడ వచ్చి, ఆయనకి నయమైందటగా అని దేవుణ్ని స్తుతించింది. నేను సంతోషం పట్టలేక బోయిగూడ దాకా వెళ్లి చేపలు తెచ్చాను. కొమ్ముకోనెం దొరకలేదు, ఏదో చెరువు చేప దొరికింది. దాన్నే కొమ్ముకోనెం అని పిలుచుకుని తిన్నాం. ఉత్తర్వు ఉంది కదా.

సోమవారం దేవకృప కొత్త చీర కట్టుకుంది. నియామక పత్రం తెచ్చుకోవడానికి నన్ను కూడా రమ్మంది. "అంకుల్, మీ చేప వల్లనే వచ్చింది. మీరు లేకుండ ఎట్ల?" అంది. బస్సులో దారి పొడుగునా ఆమె మొహం వెలుగుతూనే ఉంది. మొదటి సెలవుకు అమ్మానాన్నల్ని తీసుకుని సముద్రం చూడ్డానికి వెళ్తానంది.

ఎల్లమ్మ ఫ్యాను కింద కుర్చీ చూపించింది. సుబ్బరాజుగారు కంప్యూటర్లో పేరు కొట్టి, తెర చూసి, మళ్లీ కొట్టి, మళ్లీ చూశారు.

"అమ్మా, మీకు పత్రం ఇచ్చేశాం కదా."

"లేదు సర్. ఇప్పుడే వచ్చిన."

"ఇచ్చేశామండి. జె. దేవకృప. మీరు జాయినైపోయారు కూడా. కింద రెండో అంతస్తులో, తీరప్రాంత సంక్షేమంలో. బాగా పనిచేస్తున్నారని రిపోర్టు కూడా వచ్చింది, ఆయ్."

దేవకృపకు వెంటనే అర్థమైంది. నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. "సర్, ఆమె వేరే దేవకృప. రెజిమెంటల్ బజార్ అమ్మాయి. నేను చిలకలగూడ. పేరొకటైనంత మాత్రాన మనిషొకటైపోడని మీరే కదా అన్నరు."

"అన్నానండి. అది ఉత్తర్వుకు ముందు." ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. "ప్రాణులన్నియు అని ఉందండి. చేపలు అని లేదు."

"చేపల కోసమే కదండీ రాసింది," అన్నాను.

"వ్యక్తిగతంగా నాకు తెలుసండి," అన్నారాయన.

"అయితే ఇద్దరం వేరే అని ఆ వేర్వేరు ఫారం నింపిస్త సర్," అంది దేవకృప. "నాకు రెండు చెవులున్నయి. ఫొటో మంచిగ వస్తది."

"ఆ ఫారం రద్దయిందమ్మా. అందరూ ఒకటే అయ్యాక వేర్వేరుతో పనేముంది?"

"గిదేం న్యాయం సారూ," అంది ఎల్లమ్మ తలుపు దగ్గర్నుంచి. "గీ పిల్ల గీడ నిలబడ్డది, ఆ పిల్ల కింద కూసున్నది. నేను రోజు ఇద్దరికి నీళ్లిస్త."

"రెండు గ్లాసులిస్తున్నావా?" అన్నారు సుబ్బరాజుగారు అలవాటుగా. అని, తనే తల దించుకున్నారు.

అప్పుడు ఆయన చూపు గోడ గడియారం మీద పడింది. పడకుండా ఉంటే బాగుండేది. కానీ ఆయన సూపరింటెండెంటు. ఆఫీసు వేళల్లో ఒక ఉద్యోగి సీటు వదిలి ఇంకో అంతస్తులో నిలబడి మాట్లాడటం ఆయన చూశాక చూడనట్టు ఉండటానికి రూల్సు ఒప్పుకోవు. ఆయన చాలా బాధపడుతూనే, జె. దేవకృప అనుమతి లేకుండా సీట్లో లేనందుకు మెమో తయారుచేశారు. ఎల్లమ్మ దాన్ని రెండో అంతస్తుకు తీసుకెళ్లింది. సీట్లో కూర్చుని ఉన్న జె. దేవకృప సంతకం పెట్టి అందుకుంది.

ఆ సాయంత్రం చిన్న దేవకృప ఆ మెమో పట్టుకుని చిలకలగూడ వచ్చింది. జకర్యాగారింటి వరండాలో కూర్చుని ఏడ్చేసింది. మెమోలో రెండు పేరాలున్నాయి. మొదటిది, ఆఫీసు వేళల్లో మళ్లీ మండలి కౌంటరు దగ్గర కనిపిస్తే ఉద్యోగం నుంచి తొలగిస్తామని. (మండలి తెరిచి ఉండేది ఆఫీసు వేళల్లోనే.) రెండోది, సదరు ఉద్యోగి చిలకలగూడలో ఒక ప్రైవేటు బడిలో కూడా పనిచేస్తున్నట్లు దరఖాస్తు వల్ల తెలియుచున్నదని, ప్రభుత్వోద్యోగి రెండు చోట్ల పనిచేయుట నేరమని, వెంటనే మానుకోనిచో అదే శిక్ష అని.

"నేను వదిలేస్తా అక్కా. ఈ ఉద్యోగం నాకొద్దు," అంది ఆ పిల్ల.

"పిచ్చిదానా, నువ్వు వదిలేస్తే నాది సుత పోతది," అంది మా దేవకృప. నవ్వడానికే ప్రయత్నించింది. ఆ పిల్ల కళ్లు తుడిచి, జ్ఞానమణిగారు తెచ్చిన గులాబీ పువ్వు ఆమె చేతిలో పెట్టింది. జకర్యాగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను ఆ రోజు ఏమీ అడగలేదు.

మర్నాడు దేవకృప బడికి వెళ్లి రాజీనామా ఇచ్చింది. కారణం అన్న చోట 'ప్రభుత్వోద్యోగం వచ్చినందున' అని రాసింది.